బాపు పోసిన గుట్ట మీద ఝూలా

బాపు రిటైరైన తర్వాతి నెలలో మా బస్తీ మలుపు దగ్గర ఒక పెద్ద బోర్డు లేచింది. నీలిరంగు ఆకాశం, అందులో మెలికలు తిరిగిన ఎర్రటి పట్టాలు, వాటి మీద చేతులు పైకెత్తి నోళ్లు తెరిచిన మనుషులు. దేశంలోకెల్లా ఎత్తైన రోలర్ కోస్టర్ ఇక్కడ రాబోతోందని కింద మరాఠీలో రాసి ఉంది. ఇక్కడ అంటే మా ఇళ్ల వెనక గుట్ట మీద.

ఆ గుట్ట పుట్టుకతో గుట్ట కాదు. చంద్రపూర్ చుట్టూ పైనుంచి తవ్వే బొగ్గు గనులున్న చోటల్లా ఇలాంటివి ఉంటాయి. బొగ్గు మీదున్న మన్నునూ రాళ్లనూ తవ్వి, డంపర్లలో మోసుకొచ్చి, ఏళ్ల తరబడి ఒకేచోట పోస్తే గుట్ట అవుతుంది. మా వెనక గని ఎప్పుడో మూతపడింది. మన్ను మీద చెట్లు నాటారు. అవి పెరిగాయి, నెమళ్లు వచ్చాయి. బస్తీలో తర్వాత పుట్టిన పిల్లలకు అది మామూలు గుట్టే. దాన్ని పోసిన డంపర్ డ్రైవర్లలో మా బాపు ఒకడు. ఈ గని మూతపడ్డాక సాస్తి గని వైపు బస్సులో పనికి పోయేవాడు గానీ, “నా గుట్ట” అని మాత్రం దీన్నే అనేవాడు.

బాపు మంచిర్యాల వైపు నుంచి పెళ్లికి ముందే ఇక్కడి గనుల్లో పనికొచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, మరాఠీ బడిలో చదువుకున్నాను. తెలుగు అక్షరాలు బాపు నేర్పాడు, పాత క్యాలెండర్ల వెనక రాయించి. ఇప్పుడు చంద్రపూర్‌లో సర్కారు కచేరీల దగ్గర ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేస్తున్నాను. పొద్దంతా ఎవరెవరివో అర్జీలు మరాఠీలో టైపు చేస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి నా డైరీ మాత్రం తెలుగులో రాసుకుంటాను. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువే గానీ చదవగలిగినవాళ్లు తక్కువ. డైరీని బల్ల మీద వదిలేసినా భయం లేదు. చదవగలిగిన బాపు ఎప్పుడూ దాన్ని ముట్టుకోలేదు.

బోర్డు లేచిన రోజు డైరీలో ఒక్క వాక్యమే రాశాను. “అది రాకపోతే బాగుండు.”

నాకు ఎత్తంటే భయం. దుకాణం మేడమెట్లు దిగేటప్పుడు కూడా గోడకు చెయ్యి ఆనించి దిగుతాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం అంతవరకూ రాలేదు.

బస్తీ అంతా దాన్ని ఝూలా, అంటే ఉయ్యాల, అనేది. సాయంత్రం మా వాకిట్లో బెంచీ మీద బాపూ, ఆయన పాత జోడీ మామా కూర్చునేవాళ్లు. మామ గనిలో షావెల్ నడిపినవాడు. షావెల్ తవ్వి నింపితే డంపర్ మోసుకుపోతుంది కాబట్టి వాళ్లిద్దరి స్నేహం పనిలోనే మొదలైంది.

“థర్మల్ చిమ్నీ కన్న ఎత్తు కడుతరంట,” అన్నాడు మామ ఒకరోజు.

“నిన్న చిమ్నీ అంత అన్నవ్ గదా,” అన్నాడు బాపు.

“నిన్నటిది నిన్న. పొద్దుకింత పెరుగుతుంది అది.”

అమ్మ గడపలో మిషన్ మీద బ్లౌజు కుడుతూ, తలెత్తకుండానే అంది. “మే నెలల ఆ ఇనుము మీద కూసుంటే అట్టు లెక్క కాలుతరు. ఒకదిక్కు కాలినంక మర్లెయ్యనీకి గరిటె గూడ పెట్టుమనుండ్రి.”

“పక్క అడివిల నుంచి పులి గూడ వస్తది సూడు వదినె. దాన్ని టికెట్ ఎవడు అడుగుతడు?”

“ముందు నిన్నే కూసోబెడుతరు దాని పక్కన. నీ ముచ్చట్లు వినలేక అదే దిగిపోతది.”

మామ పడీపడీ నవ్వాడు. బాపు నవ్వలేదు. గుట్ట వైపు చూస్తున్నాడు.

“నేను ఎక్కుత,” అన్నాడు. “మొదటి దినమే. బిడ్డతోటి.”

నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. లోపలికి వచ్చినా బాపు మాట వినబడుతూనే ఉంది. నేను చిన్నప్పుడు రోజూ డంపర్ ఎక్కించమని ఏడ్చేదాన్నట. బయటివాళ్లను, అందులోనూ పిల్లలను, బండి ఎక్కించకూడదని గనిలో కట్టడి. బాపు ఒక్కసారి కూడా ఎక్కించలేదు. నాకు ఆ ఏడుపు గుర్తే లేదు. బాపుకు మాత్రం నేను ఏ రంగు గౌను వేసుకుని ఏడ్చానో కూడా గుర్తుంది.

ఆ రాత్రి భోజనం దగ్గర నాతోనే చెప్పాడు. “మీద మన్ను కుమ్మరిచ్చి ఖాళీ బండితోని దిగుతుంటే కడుపుల సల్లగ ఒక తీరు అయితది బిడ్డా. ఏండ్లకేండ్లు నేనొక్కన్నే సూసిన దాన్ని. ఇంట్ల చెప్పుదామంటే చెప్పరాదు. ఎక్కితే గదా ఎరుకైతది.”

“అవును బాపూ,” అన్నాను.

ఆ మర్నాటి నుంచి బాపు సిద్ధం కావడం మొదలుపెట్టాడు. నా ఫోన్‌లో రోలర్ కోస్టర్ల వీడియోలు పెట్టించుకుని చూసేవాడు. చూస్తూ చూస్తూ చెయ్యి తనకు తెలియకుండానే గేరు వేసినట్టు కదిలేది. ఎందులోనో రక్తపోటు ఉన్నవాళ్లను ఎక్కనివ్వరని విన్నాడు. బాపుకు బీపీ ఉంది. మర్నాడే డాక్టర్ దగ్గరికి పోయి చూపించుకొచ్చాడు. పొద్దున్నే లేచి నడవడం మొదలుపెట్టాడు. మామిడికాయ పచ్చడి మానేశాడు.

“ఇన్నేండ్ల సంది నేను మొత్తుకుంటే మానని పచ్చడి,” అంది అమ్మ, “పునాది గూడ తియ్యని ఝూలా కోసం మానిండు. ముందే ఒక బోర్డు పెట్టించుకోకపోతిని.”

అలా అంటూనే ఆయన కూరలో ఉప్పు తగ్గించి వేరే గిన్నెలో తీసేది. నేను రోజూ డైరీలో ఝూలా గురించి రాసేదాన్ని. దానికి వ్యతిరేకంగా ఎన్ని కారణాలు దొరికితే అన్నీ. ఎండ, దుమ్ము, ఇంత దూరం ఎవరొస్తారు, వచ్చినా రెండేళ్లకు మూతపడదా. రాసుకున్నవన్నీ చదివితే తెలివైనవాళ్ల మాటల్లా ఉండేవి. కింద ఉన్నది మాత్రం ఒక్క భయమే.

ఆదివారాలు నేను కూడా బాపుతో గుట్ట మీదికి నడిచేదాన్ని. పాత డంపర్ల దారే పైకి పోతుంది. వాలు మెల్లగా ఉంటుంది కాబట్టి నాకు భయం వేసేది కాదు, అంచు దగ్గరికి పోకపోతే చాలు. వానాకాలం మొదలై నాలుగైదు పెద్ద వానలు పడ్డాక ఒక ఆదివారం వెళ్లాం. ఝూలా కోసం సర్వేవాళ్లు ఎర్రజెండాలు పాతిన చోటికి కాస్త ఇవతల బాపు ఆగిపోయాడు. చెప్పులు విడిచి గొంతుక్కూర్చున్నాడు. గడ్డి మధ్య నేలలో సన్నని పగులు. పేడపురుగు దూరేంత. చెట్ల వెంబడి వంకర లేకుండా చాలా దూరం పోయింది.

“ఎండకు పగిలిందేమో,” అన్నాను.

“వానల ఎండ పగులు మూసుకుంటది బిడ్డా. ఇది తెరుసుకుంటుంది.”

ఆ సాయంత్రమే అమ్మ దగ్గర గట్టి దారం అడిగి తీసుకున్నాడు. ఇద్దరం మళ్లీ పైకి పోయాం. పగులుకు రెండు పక్కలా రెండు కర్రముక్కలు పాతాడు. వాటి మధ్య దూరం దారంతో కొలిచి, దారానికి ముడి వేసి, జేబులో పెట్టుకున్నాడు. పనిచేసే రోజుల్లో గుట్ట అంచున బండి నిలిపేముందు ఇలాగే చూసేవాళ్లట. దూరం పెరగకపోతే పగులు ఆగినట్టు. పెరిగితే మన్ను కదులుతున్నట్టు.

రెండు ఆదివారాల తర్వాత దారం పట్టుకుని చూస్తే ముడి రెండో కర్రకు అందలేదు. వేలెడు దూరం మిగిలింది.

బాపు దారాన్ని వేళ్లకు చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు. తర్వాత ఒక రాయి మీద కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పాడు.

“ఒక ఏడు వానలు బగ్గ కొట్టినయి. నువ్వు అప్పటికి పుట్టలే. నల్లమట్టి తడిసి బురదయితే దాన్ని వేరే కాడ పొయ్యాలె. గదే పద్ధతి. ఆ జాగల నీళ్లు నిండినయి. బండ్లు దిగబడుతున్నయి. పని ఆగొద్దని మేమే తెచ్చి గిక్కడ నడుమ పోసినం. మీద ఎండిన మన్ను కప్పినం. నాలుగు దినాలకే అనుకున్నం. వానకాలమంత గదే నడిసింది.”

“కాగితాల్లో లేదా బాపూ?”

“ఏ బండి ఎన్ని ట్రిప్పులు కొట్టిందని ఉంటది. ఏం మన్ను మోసిందని ఎవలు రాస్తరు? మాకు తెలుసు, సాలనుకున్నం. ఆ దినాలల్ల మా తోటి పోసినోళ్లల్ల ఇప్పుడు ఎవలున్నరు? కొందరు ఊళ్లకు పోయిండ్రు. కొందరు పోనే పోయిండ్రు.”

కింద మా బస్తీ రేకుల కప్పులు కనబడుతున్నాయి. నా లోపల ఏదో బరువు దిగింది. ఇక అది రాదు. నేను ఎక్కనక్కర లేదు. ఆ మాట మనసులో పూర్తి కాకముందే బాపు ముఖం చూశాను. సిగ్గేసింది. ఆ రోజు డైరీ తెరవలేదు.

తర్వాతి వారమంతా బాపు ఫోన్ అడగలేదు. పచ్చడి మాత్రం ముట్టలేదు. మామ ఒకసాయంత్రం సముదాయించబోయాడు.

“వాళ్ల ఇంజనీర్లు సూసుకుంటరు తియ్యి. నువ్వు పది గూడ పాస్ కాలే. నువ్వు జెప్తెనే తెలుస్తదా వాళ్లకు?”

“ఎట్ల సూడాల్నో వాళ్లకు తెలుసు. ఎక్కడ సూడాల్నో ఎవలు జెప్తరు?”

“సూడకుంటే సూడకపాయె. నీకే గదా ఎక్కాలనున్నది.”

“ఎక్కాలనే ఉన్నది,” అన్నాడు బాపు. “నేను ఒక్కన్నే ఎక్కుతనా?”

ఝూలా మీద ప్రజలు తమ అభిప్రాయాలు రాసి ఇవ్వవచ్చని, ఫలానా రోజు బడి హాలులో సభ పెడతారని నోటీసు వచ్చింది. అది మొదట చూసింది నేనే. దుకాణానికి కాపీలు తీయడానికి తెచ్చారు. ఆ వారం అంతా ఝూలా రావాలని కోరే అర్జీలే టైపు చేశాను. మా పక్కింటి పెద్దమ్మ కూతురు కూడా రాయించుకుంది. బీఏ చదివి ఇంట్లో ఉంది, టికెట్ల కౌంటరులో ఉద్యోగం దొరుకుతుందని ఆశ. ఆ అమ్మాయి అర్జీలో తప్పులు దిద్ది, శుభ్రంగా ప్రింటు తీసి ఇచ్చాను. నోటీసు కాపీ ఒకటి ఇంటికి తెచ్చి బాపు ముందు పెట్టాను.

ఆదివారం దుకాణం యజమానిని అడిగి తాళం తెచ్చుకున్నాను. బాపు నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తెలుగులో చెబుతుంటే నేను మరాఠీలో టైపు చేశాను.

“ముందు గిది రాయి. ఈ ఝూలా రావాల్నని నాకు మస్తుగ ఉన్నది.”

“అర్జీ అట్ల మొదలుపెట్టరు బాపూ.”

“అబద్ధమా?”

రాశాను. తర్వాత వానలు, నల్లమట్టి, పగులు, దారం. అన్నీ మెల్లగా చెప్పాడు, తారీఖులు గుర్తులేని చోట గుర్తులేదనే రాయమన్నాడు. చివర “నడుమ మన్ను గట్టిగ ఉన్నదో లేదో నాకు అనుమానం” అన్నాడు. నా వేళ్లు ‘అనుమానం’ టైపు చేయలేదు. ‘ప్రమాదం’ అని టైపు చేశాయి. బాపు బజారు మరాఠీ మాట్లాడతాడు గానీ చదవడం కష్టం. తెరమీద అక్షరాలను నమ్మకంగా చూస్తున్నాడు. నేను ఆ మాటను కాసేపు అలాగే ఉంచాను. అది ఆయన అనుమానం కాదు, నా భయం. కాగితం మీద ఆయన పెట్టబోయే సంతకం పైన దాన్ని పెట్టడం నావల్ల కాలేదు. చెరిపి, ఆయన అన్నదే రాశాను.

సంగతి బస్తీలో పాకింది. పెద్దమ్మ బావి దగ్గర నన్ను నిలబెట్టి అడిగింది. “మీ బాపుకు పింఛను వస్తది. మా పిల్లకు ఏమొస్తది బిడ్డా? ఆయన ఇంట్ల కూసుండి గుట్టకు వంకలు పెడుతుండు.” నేను తలవంచుకుని బకెట్టు ఎత్తుకున్నాను. ఆమెకు జవాబు చెప్పాలని దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. ఇంటికి వచ్చేసరికి మాత్రం ఆమె అన్నదాంట్లో తప్పు లేదనిపించింది.

సభ రోజు హాలు నిండిపోయింది. ముందు బల్ల దగ్గర అధికారులు, వాళ్ల పక్కన పుణె నుంచి వచ్చిన ఒక ఇంజనీరు. నాకంటే పెద్ద వయసేమీ కాదు ఆమెది. బాపు పేరు పిలిచారు. లేచి, కాగితం చేతిలో పట్టుకుని నోటితోనే చెప్పబోయాడు. గనిలో ఇంజను మోతను మించి అరిచిన గొంతు, హాలులో రాలేదు. రెండుసార్లు దగ్గి, కాగితం నా చేతిలో పెట్టాడు.

బస్సులో నా స్టాపు వచ్చినా ఆపమని అడగలేక తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచే మనిషిని నేను. మైకు చల్లగా ఉంది. మొదటి వాక్యం చదివాను. “ఈ ఝూలా రావాలని నాకు చాలా ఉంది.” హాలులో నవ్వులు. ఎగతాళి నవ్వులు కావు. అవి నన్ను కొంచెం నిలబెట్టాయి. మిగతాది కాగితం మీంచి కళ్లు ఎత్తకుండా చదివాను. చదువుతున్నకొద్దీ గొంతు నాది కాదన్నట్టు, బాపుది అన్నట్టు అనిపించింది. అప్పుడు భయం తగ్గింది.

వెనక నుంచి ఎవరో తెలుగులో అరిచారు. “గుట్ట పోసింది నువ్వే, కదులుతుందనేది నువ్వేనా కాకా?”

బాపు గొంతు అప్పుడొచ్చింది. “పోసినోణ్ని గాబట్టే అంటున్న.”

ఇంజనీరు ఒకే ప్రశ్న అడిగింది. ఆ జాగా చూపించగలరా అని.

వానలు తగ్గాక నేల లోపలి మట్టిని తీసి చూసే యంత్రం గుట్ట ఎక్కింది. వాళ్లు ముందే తమ పటం మీద గుర్తులు పెట్టుకున్నారు, వాటికి తోడు బాపు చూపించిన చోట్లు. చెట్లు పెరిగాక అక్కడ గుర్తుపట్టడానికి ఏమీ లేదు. బాపు అటూ ఇటూ నడిచి, థర్మల్ చిమ్నీల్లో ఒకటి గని కాలనీ నీళ్ల ట్యాంకు వెనక సరిగ్గా దాక్కునే చోట ఆగాడు. ఆ రోజుల్లో దుమ్ములో దారి కనబడనప్పుడు డ్రైవర్లు అలా చూసే బండి నిలిపేవాళ్లట. నేను రెండు రోజులు సెలవు పెట్టి, ఆయన మాటలను ఇంజనీరుకు మరాఠీలో చెబుతూ పక్కన నిలబడ్డాను. బస్తీవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. పెద్దమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దూరంగా ఉంది.

మొదటి రంధ్రంలోంచి ఎండిన మన్ను, రాతిముక్కలు వచ్చాయి. రెండో దాంట్లోంచీ అంతే. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను బాపు ముఖం చూశాను. ఓడిపోతున్న మనిషి ముఖం అవుతుందనుకున్నాను. అది వెలుగుతోంది.

“నాదే తప్పయితే మంచిగుండు,” అన్నాడు నాకు మాత్రమే వినబడేలా.

నాకూ అప్పుడు అదే అనిపించింది. బోర్డు లేచినప్పటి నుంచి మొదటిసారి, అది రావాలని కోరుకున్నాను.

మూడో రంధ్రం చాలా లోతు పోయాక గొట్టంలోంచి నల్లటి ముద్ద జారింది. ఇన్నేళ్ల తర్వాత కూడా తడిగా, పిసికిన పిండిలా ఉంది. ఇంజనీరు దాన్ని అరచేతిలో నలిపి చూసింది. బాపు కొంచెం తీసుకుని వేళ్ల మధ్య రాసి, గడ్డికి తుడుచుకున్నాడు. “గిదే,” అన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్లు మెల్లగా దిగిపోయారు. పెద్దమ్మ అందరికంటే చివర దిగింది. మా పక్కనుంచి పోతూ ఆగి, బాపుతో, “ఎక్కినంక తెలుసుడు కన్న నయమే గదన్నా,” అంది. ఆమె గొంతులో సంతోషం లేదు. అయినా అంది.

కొన్నాళ్లకు నిర్ణయం చెప్పారు. గుట్ట మీద నడకదారి, తోట మాత్రమే వేస్తారు. ఝూలా విషయం వేరే జాగా దొరికితే చూస్తారు. బోర్డు తీసేశారు. కొందరు పిల్లలు దాని ఫ్లెక్సీని కోడిగూటి మీద కప్పారు. బాపు నడక మానలేదు గానీ ఆ వైపు పోవడం మానేశాడు.

ఆ నిర్ణయం చెప్పడానికి వచ్చిన ఇంజనీరు వెళ్లేముందు నాతో బాపును ఒక మాట అడిగించింది. ఈ చుట్టుపక్కల ఎవరూ తవ్వని, ఎవరూ పోయని నేల ఎక్కడుంది? బాపు నవ్వి ఊరుకున్నాడు. ఆ ప్రశ్నను ఇంటికి తెచ్చుకున్నాడని తర్వాతి ఆదివారం తెలిసింది. తెల్లవారకముందే నన్ను లేపాడు.

రైలుపట్టాలు దాటి, చేల గట్ల వెంబడి చాలా దూరం నడిచాం. పత్తి చేను పక్కన బీడునేల. బాపు ఒక మట్టిపెళ్ల తీసి విరిచాడు, వాసన చూశాడు, మడమతో నేలను రెండుసార్లు తొక్కాడు.

“దీని కింద బొగ్గు లేదంటరు. ఎవలు ముట్టలే. ఇది పుట్టిన కాన్నుంచి ఇట్లనే ఉన్నది. ఇంజనీరమ్మకు రాస్తవా?”

“రాస్త,” అన్నాను. పుస్తకం తీసి, అక్కడి నుంచి ఏమేం కనబడుతున్నాయో రాసుకున్నాను. రాస్తూ రాస్తూ తలెత్తకుండానే చెప్పాను. “బాపూ, నాకు ఎత్తంటే భయం. మొదటి నుంచీ.”

ఆయన చేతి మట్టి దులుపుకున్నాడు.

“ఎంత భయం?”

“మస్తు.”

“మరి సంవత్సరం సంది చెప్పవైతివి?”

“నువ్వు పచ్చడి మానినవ్ గదా.”

బాపు నవ్వాడు. చేలో పనికొచ్చిన ఒకాయన తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. “అది ఇప్పుడే వస్తదా బిడ్డా. జాగ దొరకాలె, సూడాలె, పైలంగ కట్టాలె. మస్తు దినాలు పడ్తది. అప్పటిదాక భయపడు, ఏం గాదు. అప్పటికి గూడ పోకుంటే కింద నిలబడి సెయ్యి ఊపు.”

అని, గట్టు దిగి అవతలి బీడు వైపు నడిచాడు. అక్కడి నేల ఇంకా చూడలేదట. నేను పుస్తకం మూసి వెనకే వెళ్లాను.